పాత బొంతల్ని గోడకు వేలాడదీయాలా, బల్లమీద పరచాలా?

నూలుపోగు:
మ్యూజియంలో బొంతల ప్రదర్శన అంటే గోడకు తగిలించడమే అన్నట్టయిపోయింది. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతల్ని వర్ణచిత్రాల్లా తెల్లగోడల మీద చూపించాక ఈ అలవాటు మరీ ముదిరింది. బొంత కుట్టింది మంచం మీద పరవడానికి. ఏడడుగుల చదరం బొంత రెండు మూడు కిలోలు తూగుతుంది. గోడకు తగిలిస్తే ఆ బరువంతా పై అంచు మీద పడుతుంది. కాబట్టి నా మాట ఇది: వందేళ్ళు దాటిన బొంతను నిలువుగా పెట్టకూడదు, బల్లమీదే పరచాలి. కాదంటే కారణం చెప్పండి.

సూదిమొన:
వయసును కొలబద్దగా తీసుకుంటే తప్పుతారండీ. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ట్రిస్టన్ బొంత సిసిలీలో 1360–1400 ప్రాంతంలో కుట్టింది. నార బట్ట కాబట్టి ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. అదే 1880ల నాటి పట్టు ముక్కల బొంతలు చూడండి, పెట్టెలో కదలకుండా ఉన్నా చీలికలు పేలికలవుతాయి. పట్టు మీది జిగురు తీసేస్తే బరువు నాలుగో వంతు దాకా పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి అప్పట్లో తగరపు లవణాలు ఎక్కించేవారు. ఆ లవణాలే పోగుల్ని పెళుసు చేశాయి. నూలులోనూ అంతే: ఇనుప లవణంతో రంగు పట్టించిన నలుపు, ముదురు గోధుమ అచ్చు ముక్కలు పొడై రాలుతుంటాయి, పక్కనున్న ఎర్రముక్క గట్టిగానే ఉంటుంది. అందుకే మొత్తం బొంతకు ఒకే తీర్పు కుదరదు. భూతద్దంతో ఒక్కో ముక్కా చూడాలి, ముఖ్యంగా పై అంచు నుంచి మొదటి రెండు వరసలు. అక్కడ గోధుమరంగు ముక్కలు పొడిగా రాలుతున్నాయంటే వేలాడదీసే మాటే వద్దు.

పై అంచు గట్టిదైతే వేలాడదీయడంలో తప్పులేదు, కాకపోతే పని సరిగా చేయాలి. వెల్క్రోలో (ఒకదానికొకటి అతుక్కునే జంట పట్టీలో) మెత్తటి వైపును 7–8 సెంటీమీటర్ల వెడల్పు నూలు పట్టీ మీద ముందుగా మిషన్‌తో కుట్టుకోవాలి. ఆ పట్టీని బొంత వెనక చేత్తో కుట్టాలి. గరుకు కొక్కేల వైపు గోడకు బిగించే చెక్క బద్దకు పోవాలి. అది బొంతకు ఉంటే మడతపెట్టినప్పుడల్లా పోగుల్ని పీకుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు సూది అస్తరుతోనే ఆగిపోవడం. అప్పుడు బరువు వెనక బట్ట మోస్తుంది, ముందుపొర, దూది కిందికి జారి పొట్టలా ఉబ్బుతాయి. కుట్టు మూడు పొరల్నీ పట్టాలి, సూది పోగుల మధ్య నుంచి దిగాలి. దారం బొంత బట్ట కన్నా బలహీనమైనదే వాడాలి. ఎవరైనా లాగితే తెగాల్సింది దారం.

పెట్టెతాళం:
పరిస్తే చాలు, భద్రం అనే భ్రమ ఒకటుంది. 2.2 మీటర్ల చదరం బల్లమీద పరిచిన బొంత మధ్యభాగం అంచు నుంచి 1.1 మీటర్ల దూరంలో ఉంటుంది. వంగి చూసేవాడి చెయ్యి, సంచీ, తుమ్ము అన్నీ దానిమీదే. అద్దం లేకపోతే దుమ్ము నేరుగా పైనే పడుతుంది. గోడ మీద నమూనా మొత్తం ఒక్క చూపులో అందుతుంది, బల్లమీద ఏటవాలుగా నలిగిపోయి కనిపిస్తుంది.

అసలు మీరిద్దరూ మరిచిపోయింది రంగును వెలిసిపోయేలా చేసే వెలుతురు. 50 లక్స్ (వెలుతురు కొలత), రోజుకు 8 గంటలు, 75 రోజులు అంటే 30,000 లక్స్-గంటలు. అదే 300 రోజులైతే 1,20,000. నిలువుగా పెట్టినా, పరిచినా లెక్క ఒకటే. చాలామంది ప్రదర్శన తరవాత బొంతకు “విశ్రాంతి” ఇస్తున్నామంటారు, పోయిన రంగు చీకట్లో పడుకున్నంత మాత్రాన తిరిగి రాదు. చీకటి మిగిలిన రంగును కాపాడుతుంది, అంతే.

నూలుపోగు:
సరే, వందేళ్ళ గీత వెనక్కి తీసుకుంటున్నా. మధ్యేమార్గంగా వాలు పలక మీద పెడితే? నిలువు నుంచి 15 డిగ్రీలు వాల్చినా చాలా బరువు తగ్గుతుందిగా.

లెక్కలయ్య:
తగ్గదండీ. నేల నుంచి కోణం 75 డిగ్రీలు, సైన్ 75 అంటే 0.966. వాలు వల్ల తగ్గేది మూడున్నర శాతమే. మిగతా ఆసరా రాపిడి నుంచి రావాలి. రాపిడి గుణకం 0.5 అనుకుంటే పై అంచు మీద 84 శాతం బరువు ఇంకా ఉంటుంది. 45 డిగ్రీలకు దించితే 35 శాతం. 30కి దించితే 7 శాతం లోపు. కాబట్టి “కొంచెం వాల్చాం” అన్నది కంటికి తృప్తి, బొంతకు కాదు.

సూదిమొన:
ఆ రాపిడి కోసమే పలక మీద నూగున్న ఫ్లానెల్ వేస్తారు. గంజి పోయేలా ఉతికి ఆరేశాక, ముడతలు లేకుండా బిగించాలి. జిగురు వద్దు. చెక్క పలక ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, కాబట్టి ఫ్లానెల్ కింద అల్యూమినియం రేకు పొర తప్పనిసరి. మంచానికి మూడు వైపులా కిందికి జారే బొంతలకు, అందులోనూ మంచం స్తంభాల కోసం కింది మూలలు కత్తిరించిన టీ ఆకారపు వాటికి, మంచం ఆకారపు దిమ్మే మేలు. జారే భాగం తన బరువు తాను మోసుకుంటుంది, మధ్యభాగం పడుకునే ఉంటుంది.

పెట్టెతాళం:
దిమ్మె మాట ఒప్పుకుంటా. వెల్క్రో సంగతిలో మాత్రం పేచీ ఉంది. ప్రదర్శన అయ్యాక ఆ పట్టీని విప్పేయాలి. పెట్టెలో మడత పెడితే ఆ మందపాటి అంచు ఒత్తుకుని గీత పడుతుంది.

సూదిమొన:
విప్పితే మళ్ళీ ప్రదర్శనకు మళ్ళీ సూది, అదే చోట కొత్త రంధ్రాలు. రెండు మూడేళ్ళలో మళ్ళీ చూపించేదైతే పట్టీ ఉంచి, పట్టీని అడ్డంగా మడవకుండా, మడతల్లో ఆమ్లరహిత టిష్యూ ఉండలు చుట్టి పెట్టి, ఏడాదికోసారి మడతలు మార్చండి. చోటుంటే మడవకుండా పరిచి దాచడం ఇంకా మంచిది.

పెట్టెతాళం:
ఒక్కో బొంతకు ఏడడుగుల సొరుగు ఎక్కడి నుంచి వస్తుందో అదీ చెప్పండి.