కవర్ 4 రక్షణపై స్మాష్ సాగడం లేదు: లోపలి రిసీవర్‌కు ఏ రూట్ ఇవ్వాలి?

అమెరికాలో ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పాస్ ఆటలు రూపొందించే సహాయక కోచ్‌గా పనిచేస్తున్నాను. మేము ఎక్కువగా నమ్ముకున్న ఆట స్మాష్. ఇరువైపులా ఇద్దరేసి రిసీవర్లు (పాస్ అందుకునేవారు) నిలబడగా, బయటివాడు 5 గజాల వద్ద ఆగి హిచ్‌గా వెనుదిరుగుతాడు. లోపలివాడు 10 గజాలు నేరుగా పరుగెత్తి, సైడ్‌లైన్ వైపు వాలుగా ముందుకు సాగే కార్నర్ రూట్ (పరుగు దారి) తీసుకుంటాడు. కవర్ 2లో (ఇద్దరు సేఫ్టీలు, అంటే వెనుక కాపలా కాసేవారు, లోతును చెరిసగం కాపాడే రక్షణలో) కార్నర్‌బ్యాక్ (అంచున ఉండే డిఫెండర్) ఈ ఇద్దరి మధ్య చిక్కుకుంటాడు కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

చిక్కంతా కవర్ 4తోనే, అంటే నలుగురు డిఫెండర్లు లోతును నాలుగు భాగాలుగా పంచుకునే రక్షణతోనే. సేఫ్టీ సుమారు 10 గజాల లోతులో నిలిచి మా లోపలి రిసీవర్‌నే గమనిస్తూ, అతడు నిటారుగా రాగానే కార్నర్ రూట్‌ను పైనుంచి కమ్మేస్తున్నాడు. కార్నర్‌బ్యాక్ కూడా వెనక్కి జరిగి దాని కిందికి చేరుతున్నాడు. అప్పుడు హిచ్ ఖాళీగా ఉండాలి, కానీ బయటి లైన్‌బ్యాకర్ (ముందు వరుస వెనుక నిలిచే డిఫెండర్) ముందుగానే అటు కదలడం వల్ల అదీ మూసుకుపోతోంది. మైదానం ఇరుకు వైపున పరిస్థితి మరీ కష్టంగా ఉంది.

మలుపును 12 గజాలకు పెంచితే బంతి విసరడానికి దాదాపు 3 సెకన్లు పట్టి, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) దొరికిపోయాడు. రన్నింగ్ బ్యాక్‌ను (బంతితో పరుగెత్తే ఆటగాణ్ణి) ఫ్లాట్‌లోకి, అంటే సైడ్‌లైన్ దగ్గరి తక్కువ లోతు ప్రాంతంలోకి పంపితే హిచ్ తెరుచుకుంది గానీ, ఆరుగురు దూసుకొచ్చినప్పుడు అడ్డుకోవడానికి ఐదుగురే మిగిలారు. కార్నర్‌కు బదులు పోస్ట్ (మైదానం మధ్యకు వాలుగా సాగే రూట్) ఇస్తే అవతలి సేఫ్టీ వచ్చి అందుకున్నాడు.

బయటి హిచ్‌నూ, రన్నింగ్ బ్యాక్‌తో కలిపి ఆరుగురితో అడ్డుకునే పద్ధతినీ మార్చకుండా, ఆ లైన్‌బ్యాకర్‌ను లోపలే నిలిపి ఉంచాలంటే లోపలి రిసీవర్‌కు ఏ రూట్ ఇచ్చి, ఎన్ని గజాల వద్ద మలపాలి?