పైథాన్ ల్యాబ్‌లో మాన్యువల్ చూసి కొట్టేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో పదేళ్లుగా సి ప్రోగ్రామింగ్ భాష చెప్తున్నాను. ఈ సెమిస్టర్ నుంచి పైథాన్ కూడా నాకే ఇచ్చారు. ల్యాబ్‌లో పిల్లలు మాన్యువల్ చూసి ప్రోగ్రామ్ కొడతారు, అవుట్‌పుట్ రాగానే రికార్డులోకి ఎక్కించేస్తారు. అందులో ఒక్క గుర్తు మార్చి అడిగితే బిక్కమొహం వేస్తారు. నాకూ ఈ భాష కొత్తే. ప్రయోగాలు చేయిస్తూ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మేడమ్, మొదటి రెండు ల్యాబ్‌లు ప్రోగ్రామే వద్దు. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ (కోడ్ కొట్టి వెంటనే ఫలితం చూసుకునే కిటికీ) తెరిచి, >>> దగ్గర ఒక్కో లైను కొట్టించండి. ఎంటర్ నొక్కేముందు ఏం వస్తుందో నోట్‌బుక్‌లో రాయాలి, అంతే షరతు. తప్పితే కొట్టేయకూడదు, పక్కన అసలు జవాబు రాసుకోవాలి.

7 / 2 ఇవ్వండి. సి అలవాటున్నవాళ్లు 3 అంటారు, 3.5 వస్తుంది. 7 // 2 అంటే 3. ఓహో, ఇదే మన పాత భాగహారం అనుకుంటారు. అప్పుడు -7 // 2 ఇవ్వండి. అందరూ -3 రాస్తారు, తెర మీద -4 కనబడుతుంది. అక్కడ మీరు నోరు విప్పొద్దు. -1 // 2, -8 // 2 కొట్టి చూసుకోమనండి. సి సున్నా వైపుకి కుదిస్తుంది, పైథాన్ కింది పూర్ణాంకానికి దిగుతుంది అని వాళ్లే పట్టుకుంటారు. పది నిమిషాలు పట్టినా పట్టనీయండి.

తర్వాత "3" * 4 (జవాబు '3333'), ఆ వెంటనే "3" + 4. ఎర్రర్ వస్తే చివరి లైను ముందు చదవడం నేర్పండి. మా దగ్గర ఎర్రర్ రాగానే కిటికీ మూసేసేవాళ్లు!

మరొకరు: అసలు తికమక లిస్టుల దగ్గరండీ. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు కాబట్టి ఇలా చేయించండి:

క = 5
గ = క
గ += 1

ఇప్పుడు క ఎంత? 5. అదే లిస్టుతో:

క = [1, 2]
గ = క
గ += [3]

ఈసారి క కూడా [1, 2, 3] అయి కూర్చుంటుంది. పేరంటే డబ్బా కాదు, వస్తువుకి కట్టిన చీటీ అని బోర్డు మీద అప్పుడు గీయండి. ముందే గీస్తే ఎవరికీ ఎక్కదు. ఇంకోటి, ఇదంతా ఫంక్షన్ల పాఠం వచ్చేవరకే. ఆ తర్వాత ఫైల్లోకి వెళ్లాల్సిందే, >>> దగ్గర పెద్దవి రాయడం నరకం.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. అరవై మంది, ఇరవై సిస్టమ్‌లు. పైగా నాకు తెలియనిది అడిగితే?

జవాబు: ముగ్గురికొకటి. ఒకరు కొడతారు, ఇద్దరు జవాబు ఊహించి రాస్తారు, పది నిమిషాలకి మారాలి. తెలియనిది అడిగితే "కొట్టి చూద్దాం" అనండి మేడమ్, అందులో నామోషీ లేదు. 0.1 + 0.2 కి 0.30000000000000004 వస్తే నేనూ క్లాసులో తెల్లమొహమే వేశాను.

ప్రశ్న అడిగినవారు: నిన్న చేయించాను. -4 దగ్గర గోల గోల. చివర్లో ఒకమ్మాయి పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌లో "తెలుగు" పేస్ట్ చేసింది. మూడక్షరాలకి 6 వచ్చింది. గుణింతం గుర్తుల్నీ విడిగా లెక్కేస్తోందని వాళ్లే తేల్చారు. "అమ్మ"కి 4 ఎందుకో రాసుకురమ్మని పంపాను.

మరొకరు: ఒత్తు దగ్గర పొల్లు దాక్కుందని చెప్పేయకండి మేడమ్!