‘పర్పుల్ సేజ్’లో సేజ్ ఎవరు: ఋషా, మొక్కా?

ప్రశ్న: అమెరికా రచయిత జేన్ గ్రే 1912లో రాసిన ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’ నవల పేరు యంత్రానువాదంలో ‘ఊదా ఋషి ఆశ్వికులు’ అయింది. ఋషి కాదని తెలుస్తూనే ఉంది. సేజ్‌ని మాచిపత్రి అనొచ్చా?

జవాబు: రెండూ వేరు మాటలండీ. ఋషి అనే అర్థమున్న సేజ్ లాటిన్ ‘సపెరె’ నుంచి, మొక్క సేజ్ ‘సాల్వియా’ నుంచి పుట్టాయి. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చేసరికి స్పెల్లింగు ఒకటైపోయింది.

మాచిపత్రి సగం ఒప్పే. నవలలో సేజ్ అంటే అమెరికా పడమటి మైదానాల సేజ్‌బ్రష్. అదీ, మన మాచిపత్రి, దవనం మూడూ ఆర్టెమీసియా జాతివే. నలిపితే ఘాటు వాసన, ఆకు మీద తెల్లటి నూగు చూస్తే చుట్టరికం తెలుస్తుంది. కానీ సేజ్‌బ్రష్ కొయ్యబారిన పొద, నడుమెత్తు పెరుగుతుంది. చిన్న బూడిదరంగు ఆకు, కొసన పళ్ళలాంటి మూడు చీలికలు. దాని శాస్త్రనామంలోని ‘ట్రైడెంటాటా’ అంటే మూడు పళ్ళదని. (గ్రే 1896లో పళ్ళ వైద్యం పట్టా పుచ్చుకుని న్యూయార్కులో ప్రాక్టీసు పెట్టినవాడు. తగిన మొక్కే!) మాచిపత్రి అంటే మన పాఠకుడికి వినాయక చవితి, ‘సుముఖాయ నమః మాచీపత్రం పూజయామి’ గుర్తొస్తాయి. నవల జరిగే యూటా ఎడారిలో ఆ వాసన అతకదు.

మరో జవాబు: సేజ్‌బ్రష్ పూలు పసుపు కదా, మరి ఊదా ఎక్కడిది? నిజంగా ఊదా పూలు పూసేది సాల్వియా డోరీ, తులసి కుటుంబపు మొక్క. అయితే అది పొట్టి పొద. నవలలోలా మైళ్ళకొద్దీ ఏటవాలు నేలంతా పరుచుకునేది సేజ్‌బ్రషే. ఆ బూడిదాకుపచ్చ దూరాన, పొద్దు వాలే వేళ ఊదాగా తేలుతుంది. గ్రే 1907లో అడవిదున్నల్ని కాపాడిన బఫెలో జోన్స్ వెంట అరిజోనా వెళ్ళి అలాంటి ఎడారిని కళ్ళారా చూశాడు. కనుక ఊదా ఆ ఏటవాలు నేలదే తప్ప పువ్వుది కాదనే నేనంటాను. ‘ఊదా పూల’ అని పువ్వు చేర్చకండి. ‘వంగపండు రంగు’ కూడా వద్దు, గుత్తివంకాయ గుర్తొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. రైడర్స్‌కి ఆశ్వికులు సరేనా?

జవాబు: వద్దండీ. ఆశ్వికులంటే సైన్యం. ఇక్కడి రైడర్లు నవల నాయిక జేన్ విథర్‌స్టీన్ దగ్గర జీతానికి గుర్రాలెక్కి ఆమె పశువుల మందలు కాసేవాళ్ళు. వాళ్ళని పనిలోంచి తప్పించాకే మందలు దొంగల పాలవుతాయి. ‘గుర్రపు కాపర్లు’ అంటే గుర్రాలనే కాసేవాళ్ళని తిరగబడుతుంది. రౌతు నయం. మూలంలో ‘రాజపుత్ర’ అయినా, ‘రౌతు కొద్దీ గుర్రం’ అనే సామెతలో ఆ రాచరికం మిగల్లేదు, స్వారీ చేసేవాడే మిగిలాడు.

పేరు ‘ఊదా పొదల రౌతులు’ అని పెట్టండి. లోపల మొక్క మొదటిసారి వచ్చినచోట ‘సేజ్ పొదలు, మాచిపత్రికి దాయాదులు’ అని కథనంలోనే ఒక మాట కలిపి, తర్వాత ఊరికే సేజ్ అనేయండి. అట్టడుగున ఫుట్‌నోట్ అక్కర్లేదు.