ఇద్దరి పోటీలో ముందుండటమే నష్టమా? డేటోనా, ఇనిషియల్ డి, మారియో కార్ట్ ఆడేవాళ్లు చెప్పండి

గచ్చిబౌలి గేర్:
శని, ఆదివారాల్లో మా బావా నేనూ మాల్‌లోని గేమ్ జోన్‌లో పక్కపక్క సీట్లలో కూర్చుని పోటీ పడుతుంటాం. ఒంటరిగా ఆడితే నా టైమే మెరుగ్గా వస్తుంది. రెండు మెషీన్లూ లింక్ చేసుకుని ఒకే రేసులో ఆడినప్పుడు మాత్రం నేను మొదట్నుంచీ ముందుంటాను, చివరి ల్యాప్‌లో తను దాటేస్తాడు. ఎక్కువగా ఆడేది డేటోనా యూఎస్ఏ అనే కార్ల రేసింగ్ ఆట. ఇంట్లో మారియో కార్ట్ 8 డీలక్స్ కూడా ఉంది, అందులోనూ ఇదే వరస. మనిషితో పోటీ పడేటప్పుడు మీరు ఏం మారుస్తారు?

బీచ్‌రోడ్ రేసర్:
డేటోనాలో అయితే మీ బావ మీ గాలిచాటున వస్తున్నట్టున్నారు. ముందు కారుకి సరిగ్గా వెనక చేరితే గాలి ఒత్తిడి తగ్గి వెనక కారు వేగం పెరుగుతుంది. సెగా దీన్ని 1994 నాటి ఆటలోనే పెట్టింది. అంటే మీరు గాలిని చీలుస్తుంటే లాభం ఆయనకి.

డేటోనాలోని త్రీ సెవెన్ స్పీడ్‌వే అనే ట్రాక్‌లో చాలా భాగం యాక్సిలరేటర్ వదలకుండానే పోవచ్చు. తేడా తేలేది చివరి మలుపులో. అది దాటగానే ముగింపు గీత. అందుకే చివరి ల్యాప్‌లో నేను కావాలనే ఆ మలుపు వరకు రెండో స్థానంలో ఉంటాను. ముందున్నవాళ్లు టెన్షన్‌లో వేగంగా దూరి బయటి గోడవైపు జారతారు, లోపల ఖాళీ దొరుకుతుంది. మీరు ముందుంటే తిరగేసి ఆలోచించండి: ఆ ఒక్క మలుపులో కొంచెం ముందే వేగం తగ్గించి లోపలి అంచు పట్టుకోండి. మీ ల్యాప్ టైమ్ పోతుంది, పోనివ్వండి. ఆయనకి మాత్రం బయటినుంచి చుట్టి రావడం తప్ప దారి ఉండదు.

ఇంకొకటి, ఆటోమేటిక్‌లో ఆడుతుంటే మానేయండి. 4 గేర్ల మాన్యువల్‌లో మలుపు మొదట్లో 4 నుంచి 3కి, అవసరమైతే 2కి దించితే కారు తోక తిరుగుతుంది, బ్రేక్ మీద పెద్దగా ఆధారపడక్కర్లేదు. ముక్కు స్ట్రెయిట్‌వైపు తిరగ్గానే మళ్లీ గేర్లు ఎక్కించాలి. ఇది చేతికి రావడానికి టైమ్ పడుతుంది, ఒంటరిగా ఆడేటప్పుడే నేర్చుకోండి.

ఘాట్ రోడ్ అభిమాని:
ఇనిషియల్ డి ఆర్కేడ్ స్టేజ్ అనే కొండదారుల రేసింగ్ ఆటలో ఈ విషయం ఇంకా గట్టిగా కనిపిస్తుంది. అందులో వెనకబడినవాళ్లకి ఆటే అదనపు వేగం ఇస్తుంది, బూస్ట్ అంటాం. మాక్సిమమ్ ట్యూన్ అనే ఇంకో ఆర్కేడ్ రేసింగ్ ఆటలోనూ ఉంది. బూస్ట్ ఉన్నప్పుడు సగం దారిలో దూరంగా పారిపోయినా ఫలితం ఉండదు, ఆ దూరం ఎలాగూ కరిగిపోతుంది. ఇనిషియల్ డిలోని అకినా అనే కొండదారి దిగుడులో వరసగా 5 హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి. వాటికి ముందు ఎవరు ఏ వైపున ఉన్నారన్నదే నేను చూసుకుంటాను. అక్కడిదాకా గోడ తగలకుండా, ఎదుటి కారుకి దగ్గరగా పోతే చాలు. గోడకి రాసుకుంటే పోయే వేగాన్ని బూస్ట్ కూడా వెంటనే తిరిగి ఇవ్వదు.

నెల్లూరు నైట్రో:
ముందున్నవాళ్లు అటూ ఇటూ ఊగుతూ దారి మూయడం మీద మీ అభిప్రాయం ఏమిటి? మా దగ్గర దీనిమీదే గొడవలు.

ఘాట్ రోడ్ అభిమాని:
మలుపుకి ముందు ఒకసారి లోపలివైపుకి రావడం న్యాయమే. స్ట్రెయిట్‌లో పాములా ఊగడం నాకు నచ్చదు. పైగా ఊగిన ప్రతిసారీ స్టీరింగ్ తిప్పుతున్నారు, వేగం వాళ్లదే తగ్గుతుంది. అలాంటివాళ్లని దాటాలంటే ఒకవైపు వస్తున్నట్టు చూపించి, వాళ్లు మూయగానే రెండోవైపు వెళ్లాలి.

నెల్లూరు నైట్రో:
నేను ఒప్పుకోను. లింక్ ఆటలో దారి మూయడం కూడా నైపుణ్యమే. వెనక కారు ఎక్కడుందో గమనించుకుంటూ నడపడం అందరివల్లా కాదు.

డల్లాస్ తమ్ముడు:
మారియో కార్ట్ గురించి నేను చెప్తాను, ఇక్కడ మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం తరచూ ఆడతాం.

దారిలో ఉండే పెట్టెల్ని తాకితే వాడుకోవడానికి వస్తువులు వస్తాయి. ముందున్నవాళ్లకి వాటిలో నాణేలు, అరటితొక్కలు, ఆకుపచ్చ చిప్పలు (విసిరి కొట్టే తాబేలు చిప్పలు) వస్తాయి. మొదటి స్థానానికి ఎంత దూరంగా ఉంటే అంత బలమైన వస్తువులు. అందుకని మొదటి స్థానంలో ఆట అంటే కాపలా ఆట. అరటితొక్క దొరికితే విసరకండి, బటన్ నొక్కిపట్టి వెనకే వేలాడదీయండి. వెంటపడి వచ్చే ఎర్ర చిప్ప దానికి తగిలి పోతుంది. డీలక్స్‌లో 2 వస్తువులు దాచుకోవచ్చు కాబట్టి ఒకటి వాడగానే రెండోది సిద్ధంగా ఉండాలి. ఎక్స్ బటన్‌తో వెనక్కి చూడటం అలవాటు చేసుకోండి. నేలమీద వస్తువు పడేసేది ఎదుటివాళ్ల దారి చూసుకునే.

నాణేలు 10 వరకూ పోగేస్తే గరిష్ఠ వేగం పెరుగుతుంది, దెబ్బ తగిలితే 3 పోతాయి. మొదటి ల్యాప్‌లోనే 10 పూర్తి చేసుకోవడం నా నియమం. మలుపులో కారుని పక్కకి జార్చే డ్రిఫ్ట్‌లో నిప్పురవ్వలు వచ్చాక వదిలితే ఊపు వస్తుంది, కానీ నీలం రవ్వలకే వదిలేస్తారు చాలామంది. నారింజ వరకూ ఆగండి, పెద్ద మలుపైతే ఊదా వరకూ. స్టార్ట్‌లో స్క్రీన్ మీద 2 కనిపించాక యాక్సిలరేటర్ పట్టుకుంటే మంచి ఊపు వస్తుంది.

రెండో స్థానంలో ఉన్నప్పుడు నేను ఎర్ర చిప్పని చివరి ల్యాప్ దాకా దాస్తాను. ముందే కొడితే అవతలివాళ్లు కోలుకుంటారు. గీతకి దగ్గర్లో, వాళ్ల వెనక అరటితొక్క లేదని చూసి కొట్టాలి.

గచ్చిబౌలి గేర్:
చాలా థాంక్స్ అందరికీ. డల్లాస్ తమ్ముడు గారూ, మొదటి స్థానంలో ఉన్నవాళ్లని వెతికి కొట్టే నీలం చిప్ప వస్తే ఏం చేయాలి? నేను ముందున్న ప్రతిసారీ అదే ముంచుతోంది.

విజయవాడ వీల్:
మధ్యలో వస్తున్నందుకు సారీ, ఆర్కేడ్ గురించి ఒక్క మాట. డబ్బు కట్టేముందు స్టీరింగ్ ఒకసారి అటూ ఇటూ తిప్పి చూడండి. కొన్ని మెషీన్లలో వదిలేసినా మధ్యకి రాదు, యాక్సిలరేటర్ పూర్తిగా దిగదు. ఎప్పుడూ ఒకరే ఓడుతుంటే సీట్లు మార్చుకుని ఇంకో ఆట ఆడండి, కారణం అక్కడే తెలుస్తుంది.

డల్లాస్ తమ్ముడు:
@గచ్చిబౌలి గేర్, సూపర్ హారన్ అనే వస్తువు ఉంటే చిప్ప మీ దగ్గరకి వచ్చినప్పుడు మోగించండి, పగిలిపోతుంది. చేతిలో పుట్టగొడుగు (వేగం పెంచే వస్తువు) ఉంటే అది మీ మీద పడే క్షణంలో వాడి తప్పించుకోవచ్చు, కానీ టైమింగ్ చాలా కష్టం. రెండూ లేకపోతే, హెచ్చరిక కనిపించగానే మీ బావ ఎంత దూరంలో ఉన్నారో చూడండి. దగ్గర్లో ఉంటే కొంచెం బ్రేక్ వేసి ఆయన్ని ముందుకు పోనివ్వండి. అది వెతికేది మొదటి స్థానాన్ని. ఒకసారి మీ మీద గురి కుదిరాక మాత్రం తగ్గి లాభం లేదు. అప్పుడు ఆయన పక్కనే ఉండేలా చూసుకోండి, పేలుడు ఇద్దరికీ తగులుతుంది. ఆయన బాగా వెనక ఉంటే ఆగకండి, దెబ్బ తిని లేచినా మీరే ముందుంటారు.

రెండో స్థానంలో ఉన్నప్పుడు కూడా జాగ్రత్త. ఈ ఆటలో నీలం చిప్ప నేలమీదే దూసుకొస్తుంది, దారిలో అడ్డున్నవాళ్లకీ తగులుతుంది. రోడ్డు మధ్య నుంచి పక్కకి జరగండి.