జాతరలో తట్టు గుర్రాల పోటీ: కప్పు ముందా, స్టడ్‌బుక్ ముందా?

ఆదోని_తట్టు:
మా పక్క ఊరి జాతరలో ఈసారి బండలాగుడుతో పాటు తట్టు గుర్రాల అందాల పోటీ కూడా పెడుతున్నారు. సంతోషమే. కానీ నిన్న ఇక్కడ ఒకాయన "గెలిచిన మగ గుర్రంతో అందరూ క్రాసింగ్ చేయించుకుంటే జాతి బాగుపడుతుంది" అని రాశారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

బ్రిటన్‌లో షెట్లాండ్ పోనీలకు 1890లోనే స్టడ్‌బుక్ (ఏ గుర్రం ఎవరి పిల్లో రాసే వంశావళి పుస్తకం) సంఘం పెట్టారు, వెల్ష్ పోనీలకు 1901లో. పిల్లను పుస్తకంలో ఎక్కించాలంటే మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ అందులో ఉండాలి. అనుమానం వస్తే వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి డీఎన్‌ఏ పరీక్షకు పంపుతారు, కత్తిరించినవి పనికిరావు. మగదాన్ని విత్తనానికి వాడాలంటే మళ్లీ వేరే పరీక్ష. డాక్టరు పై పళ్లు కింది పళ్లు సరిగ్గా కలుస్తున్నాయా, వృషణాలు రెండూ కిందికి దిగాయా, గుండె, కళ్లు ఎలా ఉన్నాయి, నడిచేటప్పుడు కాళ్లు పక్కకు విసురుతోందా అన్నీ చూస్తాడు. షోలో జడ్జి చూసేది ఆ రోజు రింగులోకి వచ్చిన వాటిలో ఏది మేలు అని మాత్రమే. వచ్చిన నాలుగూ నాసిరకమైనా ఒకదానికి ఫస్ట్ ఇవ్వాల్సిందే, అదే డాక్టరు చేసే ఇన్‌స్పెక్షన్ అయితే నాలుగింటినీ ఇంటికి పంపేయొచ్చు.

ప్రొద్దుటూరు_పందెం:
అన్నా, బండలాగుడుకు వచ్చిన ఎద్దును ఎవరైనా కాగితాలు అడుగుతారా? నోరు తెరిచి రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా అని విభాగం తేలుస్తారు, ఆ తర్వాత సంగతి బండే చెప్తుంది. ఇంట్లో పుస్తకం లేని రైతులే తరతరాలుగా ఒంగోలు జాతిని కాపాడుకొచ్చారు. మన దగ్గర గుర్రాలు ఉన్నదెవరికి? పెళ్లిళ్లకు తిప్పేవాళ్లకు, ఒకప్పుడు జట్కా తోలినవాళ్ల పిల్లలకు. డీఎన్‌ఏ, ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్పు అంటే వాళ్లు జాతరకే రారు. పుస్తకం పెట్టిన రోజు నుంచి డబ్బున్నోడిది జాతి గుర్రం, లేనోడిది నాటు గుర్రం అయిపోతుంది.

ఇంకో మాట, పుస్తకం తలుపులు మూసేస్తే ఉన్న రక్తమే మళ్లీ మళ్లీ కలుస్తుంది. ఇంగ్లండ్‌లో ఫెల్ పోనీలకు అదే జరిగింది కదా, పుట్టిన పిల్లలు రోగాన్ని తట్టుకునే శక్తి లేక మూడు నెలల్లోపే చనిపోయేవి. దానికేమంటావు?

అనంతపురం_వెటర్నరీ:
ఫెల్ పోనీల సంగతి నిజమే అన్నా, మూసిన పుస్తకంతో ఆ ప్రమాదం ఉంటుంది. కానీ ఆ జబ్బు నుంచి బయటపడే దారి కూడా పుస్తకమే చూపించింది. 2010లో జన్యు పరీక్ష వచ్చాక, ఏది క్యారియరో (తనకు జబ్బు లేకున్నా ఆ జన్యువును మోసేది) తెలుసుకుని రెండు క్యారియర్లను కలపకుండా చూసుకుంటున్నారు. కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఏ గుర్రం ఎవరి పిల్లో రాసి లేకపోతే ఇది లెక్క కట్టడమే కష్టం.

ఐర్లాండ్ కన్నెమరా పోనీల్లో గిట్ట అంచు పొరలు పొరలుగా చీలిపోయి గుర్రం కుంటుపడే జబ్బు ఒకటి ఉంది. దానికి కారణమైన జన్యువును 2015లో బయటపెట్టారు. ఇందులో క్యారియర్ గిట్ట చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉంటుంది. ఎంత పేరున్న జడ్జి అయినా వంగి, కాలెత్తి చూసి, దానికే కప్పు ఇస్తాడు. ఆ కప్పు చూసి ఎన్ని ఆడగుర్రాలు క్రాసింగ్‌కు వస్తాయో ఆలోచించండి.

ఆదోని_తట్టు:
ఖర్చు గురించి నువ్వు చెప్పింది సబబే ప్రొద్దుటూరు తమ్ముడూ. నేనూ మొదటి రోజే డీఎన్‌ఏ అనట్లేదు. జాతర రోజు టేబుల్ వేసి ఒక రిజిస్టర్ పెడదాం. చదునైన నేల మీద నిలబెట్టి, మెడా వీపూ కలిసే చోట ఎత్తు కొలిచి రాద్దాం. ఇక్కడ 48 అంగుళాల తట్టును కూడా ప్యూర్ షెట్లాండ్ అని అమ్ముతున్నారు, షెట్లాండ్ 42 అంగుళాలు దాటకూడదు. రంగు, నొసటి చుక్క, సుళ్లు బొమ్మ మీద గుర్తు పెడదాం. మనవాళ్లు సుళ్లు చూసి అదృష్టం, అరిష్టం అని బేరం ఆడతారు, బ్రిటన్‌వాళ్ల గుర్రాల పాస్‌పోర్టుల్లో (గుర్తింపు పత్రాల్లో) అవే సుళ్లను ఆనవాళ్లుగా రాస్తారు. తల్లి ఎవరిది, తండ్రి ఎవరిది అని అడిగి రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

పక్కనున్న మహారాష్ట్రవాళ్లు భీమ్‌థడి గుర్రానికి జాతి గుర్తింపు తెచ్చుకున్నారు. అదీ మన దక్కన్ గుర్రమే. మన తట్టుల గురించి ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఒక్క కాగితం లేదు, నా బాధంతా అదే.

కప్పులు ఆడగుర్రాలకు, పిల్లలకు ఇవ్వండి. మగవాటికి మాత్రం డాక్టరు చూసేదాకా వద్దు.

ప్రొద్దుటూరు_పందెం:
రిజిస్టర్‌కు సరే అన్నా, కొలిచే కట్టె మా ఊరి వడ్రంగితో నేనే చేయిస్తా. మగవాటికి కప్పు లేదంటే మాత్రం మావాళ్లు రారు, అది వచ్చే ఆదివారం కమిటీ ముందే తేల్చుకుందాం.

అనంతపురం_వెటర్నరీ:
అయితే పళ్లు, గిట్టలు చూసే పని నాకు వదిలేయండి. ఫీజు వద్దు, పొద్దున్నే రమ్మనండి, ఎండెక్కితే గుర్రాలు నిలబడవు.