‘నాక్కొంచెం నమ్మకమివ్వు’: ఇందులో ‘ఇవ్వు’ తెలుగేనా?

ఆలూరి బైరాగి కవితలోని ఈ మాట మీద నిన్న ఒకరికి వచ్చిన సందేహం మంచిది. నమ్మకం కుదురుతుంది, కలుగుతుంది, సడలుతుంది. మరి ‘ఇవ్వడం’ ఎక్కడిది, హిందీలో కూడా కవిత్వం రాసినవాడు కాబట్టి అక్కణ్ణించి వచ్చిందా అని అడిగారు.

నాకలా అనిపించదు. మాట ఇస్తాం, విలువిస్తాం, చనువిస్తాం, అలుసు కూడా ఇస్తాం. మనుషుల మధ్య నడిచేవాటికి ‘ఇవ్వడం’ మనకు పాత అలవాటే. ధైర్యం మాత్రం ఎక్కువగా ‘చెబుతాం’. చెప్పి వెళ్ళిపోవచ్చు. నమ్మకం ఇవ్వాలంటే ముందు అది మన దగ్గర ఉండాలి.

ఇంతకీ ఎవరి నమ్మకం? నీకు నా మీద ఉండాల్సిందా, నా మీద నాకే ఉండాల్సిందా? వాక్యం తేల్చదు. ఒంటరిగా ఉన్న మనిషికి ఈ రెండూ విడిగా దొరకవేమో. ఊరుకాని ఊళ్ళో ఉద్యోగం పోయి, టెన్షన్‌తో గదిలో కూర్చున్న కుర్రాడికి ఫోన్ చేసి ‘నువ్వు చెయ్యగలవురా’ అంటే, ఆ నమ్మకం అవతలివాళ్ళదే. లేచి మొహం కడుక్కునేది మాత్రం ఈ కుర్రాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టం ‘కొంచెం’. పక్కింటి గుమ్మంలో గిన్నెతో నిలబడి ‘కొంచెం తోడు ఉంటే ఇస్తారా’ అని అడిగే కొంచెం అది. గిన్నెడు పాలకు చెంచాడు చాలు. అందుకే కవితలో ఆ వెంటనే కొండలు పిండి కొట్టేస్తాననగలిగాడు కవి. ‘నాకు కొంచెం’ అని విడదీయకుండా నోట పలికినట్టే ‘నాక్కొంచెం’ అనడంలోనూ ఆ చనువే ఉంది. ‘ఇవ్వు’ అన్న ఏకవచనం సరేసరి.

జాలి పడమనలేదు, దయ చూపమనలేదు, కరుణించమనలేదు. ఆ మూడింటిలోనూ ఇచ్చేవాడు ఒక మెట్టు పైన ఉంటాడు. నమ్మకం ఇచ్చేవాడు పక్కన కూర్చుని ఇవ్వొచ్చు.

‘నూతిలో గొంతుకలు’ సంపుటిలోని కొన్ని పెద్ద కవితల్లో ఇదే కవి ఒంటరి మనసు నలుగులాటను షేక్‌స్పియర్ హామ్లెట్, భారతంలోని అర్జునుడు, దొస్తొయెవ్‌స్కీ నవలలోని రాస్కల్నికావ్‌ల నోట పలికించాడు. అక్కడ మాట్లాడేవాళ్ళకు పేర్లున్నాయి, వెనక పెద్ద కథలున్నాయి. ఇక్కడ అడిగే మనిషికి పేరు లేదు, ఎవరిని అడుగుతున్నాడో కూడా తెలియదు. చదివేవాళ్ళమే ఆ ‘నువ్వు’ అవుతాం. అందుకేనేమో, నాకు ఆ పెద్ద కవితల కన్నా ఈ ఒక్క వాక్యమే ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

సీమవాళ్ళూ తెలంగాణవాళ్ళూ ఒకసారి చెప్పండి: మీ ఇళ్ళలో మాట్లాడేటప్పుడు ‘నమ్మకం ఇచ్చాడు’ అనడం వినిపిస్తుందా? వినిపిస్తే ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి.