సొంత ఫోటోలకి నెలనెలా అద్దె కట్టాలా? హార్డ్‌డిస్క్ చాలదా?

గోదారిగట్టు:
మా డెస్క్‌టాప్‌లో 480 జీబీ దాకా ఉంది. చెల్లెలి పెళ్ళి వీడియో, స్కాన్ చేసిన పొలం దస్తావేజులు, నాన్నగారి ఆఖరి నాలుగేళ్ళ ఫోటోలు. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని అన్నీ కాపీ చేసి, బీరువాలో అమ్మ చీరల కింద పెట్టాను. 'ఇదేం బ్యాకప్, క్లౌడ్‌లో పెట్టు' అని మా తమ్ముడు ఒకటే పోరు. అంటే నెలనెలా డబ్బు కట్టి, నెట్ ద్వారా ఏదో కంపెనీ కంప్యూటర్లలో దాచుకోవడం. గూగుల్ ఫోటోస్ సంగతి చూశాం కదా. కాస్త క్వాలిటీ తగ్గిస్తే ఎన్నైనా ఉచితం అన్నారు, 2021 జూన్ 1 నుంచి 15 జీబీ దగ్గర గేటు వేశారు. రేపు రేటు పెంచితే ఎక్కడికి పోవాలి?

ఓరుగల్లు:
అన్నా, మీ తమ్ముడి మాటే కరెక్టు. మా మేనమామ డిస్క్ మంచం మీంచి జారి గచ్చు మీద పడింది, అంతే. తగిలిస్తే లోపల టక్... టక్... అని చప్పుడు, డ్రైవ్ మాత్రం కనపడదు. రికవరీ వాళ్ళు అడిగినంతా ఇచ్చుకున్నాడు. తిరిగొచ్చిన ఫోటోల్లో చాలావాటికి పైన మొహం ఉంది, కింద సగం బూడిద రంగు పట్టీ. అత్తయ్య వాటిని చూసి ఏడ్చింది.

పాతకీబోర్డు:
క్లౌడ్ అనగానే నిశ్చింత అనుకోకండి. చాలామంది వాడేది సింక్, అది బ్యాకప్ కాదు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. మా మరదలు ల్యాప్‌టాప్‌లో జాగా లేదని ఒక ఫోల్డర్ డిలీట్ చేసింది, 'ఆన్‌లైన్‌లో ఉందిగా' అన్న ధీమాతో. నాలుగు నెలలకి వెతికితే అక్కడా లేదు. ట్రాష్‌లో ఉండేది నెల రోజులే!

క్లౌడ్ కంపెనీలు మన ఫైళ్ళు దాచే డేటా సెంటర్లు కూడా తగలబడతాయి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ భవనం కాలిపోతే, వేరే చోట కాపీ పెట్టుకోని కస్టమర్ల డేటా పోయింది.

గోదారిగట్టు:
చూశారా! నేనన్నదీ అదే.

పాతకీబోర్డు:
తొందరపడకండి సార్. నేను మీ వైపు కాదు. మీ బీరువాకి, డెస్క్‌టాప్‌కి మధ్య ఎంత దూరం? ఒక గోడ. దొంగలు పడినా, వాన నీళ్ళు ఇంట్లోకొచ్చినా రెండూ ఒకేసారి పోతాయి.

డల్లాస్ వదిన:
మేం క్లౌడ్ వాడం. రెండు డిస్కులు. ఒకటి మా దగ్గర, ఇంకొకటి గుంటూరులో అత్తయ్యగారింట్లో. ఇండియా వచ్చినప్పుడల్లా మార్చుకుంటాం. ఏడాదికోసారే, నిజమే. కానీ దస్తావేజులు రోజూ మారవు కదండీ.

ఒక్క మాట. డిస్క్‌ని కంప్యూటర్‌కి ఎప్పుడూ తగిలించే ఉంచకండి. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటివి వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌కీ తాళం పడుతుంది.

ఓరుగల్లు:
ఏడాదికోసారా వదినా? మధ్యలో పుట్టిన పాప ఫోటోల సంగతి? అన్నా, అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వస్తే మీ 480 జీబీకి ఇరవై ఏడు గంటలు. రెండు మూడు రాత్రులు వదిలేస్తే అయిపోతుంది.

గోదారిగట్టు:
టైమ్ గురించి కాదమ్మా, పొలం కాగితాలు ఎవరి చేతిలోనో పెట్టడమే నాకు టెన్షన్.

పాతకీబోర్డు:
ఆ భయం న్యాయమైనదే. వాటి వరకు సెవెన్‌జిప్ అనే, ఫైళ్ళని మూటకట్టే ప్రోగ్రామ్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఎక్కించండి. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలియాలి, లేకపోతే మీకే తాళం పడుతుంది. నాన్నగారి ఫోటోల్లో కొన్ని ఆయన గూగుల్ ఖాతాలోనే ఉంటే ముందు అవి దించుకోండి. రెండేళ్ళు వాడని ఖాతాల్ని వాళ్ళు తీసేయొచ్చు.

ఇంతకీ బీరువాలో పెట్టాక ఆ డిస్క్ ఒక్కసారైనా తెరిచి చూశారా?

గోదారిగట్టు:
ఇప్పుడే తీశాను. పెళ్ళి వీడియో ఆడుతోంది. నాన్నగారి ఫోటోలు ఉన్నాయి. దస్తావేజుల ఫోల్డర్‌లో పదకొండు ఫైళ్ళు, ఒక్కోటీ 2 కేబీ. అన్నీ షార్ట్‌కట్లు, అంటే అసలు ఫైలుకి దారి చూపే గుర్తులే! అసలు ఫైళ్ళు డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి కాబట్టి బతికాను. మళ్ళీ కాపీ పెట్టాను, ఈసారి ఒక్కోటీ తెరిచి చూస్తున్నాను. వదినగారిలాగే రెండో డిస్క్ కొని తమ్ముడింట్లో పెడతా. క్లౌడ్‌కి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, వాడికి చెప్పకండి.